యాక్టిన్ అంటే యాక్టింగ్ కాదు సార్

మార్కాపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవై తొమ్మిదేళ్ళు జువాలజీ చెప్పి రిటైరైనాను. ఈ మధ్య కొత్తగా లెక్చరర్లయిన పిల్లలు ఫోన్ చేసి, "సలోమి మేడం, మీ అనుభవంతో రెండు మంచి మాటలు చెప్పండి" అంటున్నారు. మంచి మాటలు నా దగ్గర పెద్దగా లేవు. చేసిన తప్పులు మాత్రం ఉన్నాయి. వాటిలో పెద్దదాని గురించి రాస్తాను. ప్రమోషన్ల గురించి, ఫైళ్ళ గురించి రాయను. మొదటివి నాకు రాలేదు, రెండోవి రాస్తే మీరు చదవరు.

ముందు ఒక నిజం తెలుసుకోండి. ఈ ఉద్యోగంలో సగం పని, మనం ఎన్నడూ చూడనిదాన్ని చూసినట్టు చెప్పడం. బొద్దింకనైతే చేత్తో పట్టుకొని చూపించొచ్చు. కణం లోపల ఏం జరుగుతుందో చూపించాలంటే మంచి మైక్రోస్కోపు కావాల. మా కాలేజీలో నాలుగుండేవి. ఒకదానికి అద్దం లేదు. ఒకదానికి తిప్పే మర లేదు. మూడోదాన్ని ప్రిన్సిపాల్ గదిలో అందానికి పెట్టినారు. నాలుగోదానిలో ఏ స్లైడు పెట్టినా లెన్సుకు పట్టిన బూజే కనపడేది. పిల్లలు ఆ బూజునే బొమ్మ గీసి, బాణాలు వేసి, భాగాలకు పేర్లు పెట్టేవాళ్ళు. నేను మార్కులు కూడా వేసినాను.

నాకు రాని పాఠం

సిలబస్ మారినప్పుడు కణజీవశాస్త్రం పేపరు నా మీద పడింది. అందులో ఒక పాఠం, కణం లోపలి యాక్టిన్ పోగులను సంకేత ప్రోటీన్లు ఎట్ల నడిపిస్తాయి అని. నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో అది ఒకటిన్నర పేజీ. పరీక్షలో రాదని సీనియర్లు చెప్పినందువల్ల ఆ ఒకటిన్నర పేజీ కూడా చదవలేదు.

విషయం ఇదీ. కణం అంటే నీళ్ళు పోసి మూతి కట్టిన సంచి కాదు. దాని లోపల యాక్టిన్ అనే ప్రోటీను పూసలు ఉంటాయి. అవి ఒకదాని వెనక ఒకటి అతుక్కుంటే పోగవుతుంది. కణానికి ఆకారమూ కదలికా చాలావరకు ఆ పోగుల వల్లనే. అవసరమైన చోట పోగు పెరుగుతుంది, అవసరం తీరినాక విడిపోయి మళ్ళా పూసలవుతుంది. యాడ కట్టాలో యాడ విప్పాలో పూసలకు తెలియదు. చెప్పే పెద్దలు వేరే ఉంటారు. వాళ్ళే సంకేత ప్రోటీన్లు. ముఖ్యమైనవాళ్ళు ముగ్గురు. రాక్ అనేది కణాన్ని ముందు వైపుకు పలచటి రేకులాగా సాచిస్తుంది. సీడీసీ ఫార్టీటూ అనేది సన్నటి వేళ్ళలాంటివి చాపించి దారి వెతికిస్తుంది. రో అనేది వెనక వైపు పోగులను బిగించి తోకను లాక్కొస్తుంది. ముగ్గురికీ కరెంటు స్విచ్చు మాదిరి ఆన్, ఆఫ్ ఉంటాయి. ఆన్ చేసే ప్రోటీన్లు వేరు, ఆఫ్ చేసేవి వేరు.

ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ ఆ రోజు నాకు ఒక్క ముక్క తెలియదు. ఎవరో పాత లెక్చరర్ రాసుకున్న నోట్సు బీరువాలో దొరికింది. పుస్తకం తెరవకుండా దాన్నే పిల్లలకు డిక్టేట్ చేసినాను.

మా నాయన బేస్తవారిపేట దగ్గర ఒక ఊళ్ళో కూలి పనికి పోయేవాడు. ఆయనకు అక్షరం రాదు. ఆదివారం చర్చిలో మాత్రం నా చేత బైబిలు చదివించి, ముందు వరుసలో కూర్చొని వినేవాడు. అట్ల ఏడేళ్ళ వయసు నుంచి గొంతు తయారైంది. ఆ గొంతుతో కరెంటు బిల్లు చదివినా దేవుని వాక్యంలాగే వినపడుతుంది. నా నోట్సును ఆరేళ్ళు ఒక్కరూ ప్రశ్నించలేదు. నేను దాన్ని నా గొప్ప అనుకున్నాను.

ఆ ఆరేళ్ళలోనే ఒకసారి జవాబు పత్రాలు దిద్దే క్యాంపుకు పోయినాను. నా పక్క బల్ల దగ్గర కూర్చున్న సారు ఒక కట్ట చూపించి నవ్వినాడు. "చూడండి మేడం, కట్ట మొత్తం ఒకే తప్పు. ఏ ఊరి కాలేజీనో గానీ అందరూ ఒకడి పేపరే చూసి రాసినారు" అన్నాడు. నేనూ బాగా నవ్వినాను. "ఇన్విజిలేటర్లు నిద్రపోతే ఇట్లనే ఉంటుంది సార్" అని ఒక మాట కూడా కలిపినాను. ఆ తప్పు ఏందని మాత్రం అడగలేదు.

సుబ్బరాయుడు సారు

మా ప్రిన్సిపాల్ సుబ్బరాయుడు సారు కామర్స్ ఆయన. సంతకం పెట్టే ముందు కాగితం చదవడం చేతగానితనం అనుకునే మనిషి. అయినా ఆయన గురించి చెడ్డ మాట రాయలేను. పుల్లలచెరువు వైపు నుంచి వచ్చే ఆడపిల్లలకు సాయంత్రం బస్సు తప్పిపోతోందని, యూనివర్సిటీని అడక్కుండానే కాలేజీ టైము ముక్కాలు గంట ముందుకు జరిపినాడు. ఎవరన్నా అడిగితే, "గోడ గడియారం ముందు పోతాంది, రిపేరుకిచ్చినాం" అనేవాడు.

పాఠం బోర్డు మీద చెప్తే పిల్లలకు ఎక్కడం లేదని, గ్రౌండులో పిల్లలనే పూసలుగా నిలబెట్టి చూపిద్దామని ఒక ఏడు నాకు బుద్ధి పుట్టింది. గ్రౌండు వాడుకోవడానికి యాక్టిన్ డెమాన్‌స్ట్రేషన్ అని ఇంగ్లీషులో అర్జీ రాసి పంపినాను. ఆయన ఆ ఒక్కసారి చదివినాడు. వెంటనే కబురొచ్చింది.

"సలోమమ్మా, నువ్వు యాక్టింగు కూడా చేయిస్తావని నాకింతవరకు తెలియదే!"

"సార్, అది యాక్టిన్ సార్."

"అదేలేమ్మా. గ్రౌండులో ఎందుకు, కాలేజీ డేకి పెట్టేద్దాం. ఏటేటా ఆ సినిమా పాటలకు ఎగరడం తప్ప ఏముంది? ఈసారి మన కాలేజీకి విరాళాలిచ్చే దాత గారు ముఖ్య అతిథి."

"యాక్టిన్ అంటే యాక్టింగ్ కాదు సార్. ప్రోటీను."

"ప్రోటీను మీద నాటకమా? బలే బలే. గుడ్డు వేషం ఎవరికిచ్చినావు?"

నేను చెప్పబోతున్నాను. ఇంతలో ఆయన కళ్ళజోడు తీసి, "నాటకం బాగుంటే మనకు కొత్త మైక్రోస్కోపు ఇస్తానని దాత గారు తన నోటితో అన్నాడమ్మా" అన్నాడు. ఆ మాటతో నా నోరు మూతబడింది. కొత్త లెక్చరర్లారా, పైవాళ్ళు మన మాటను తప్పుగా అర్థం చేసుకున్నప్పుడు, ఆ తప్పులో మనకు లాభముంటే సరిదిద్దడం ఎంత కష్టమో మీకూ తెలిసొస్తుంది.

వేషాలు

ఫస్టియర్ పిల్లలు నలభై మంది యాక్టిన్ పూసలు. ముందువాళ్ళ భుజం మీద చేతులు వేసి నిలబడితే పోగు. రాక్ వేషం ఫైనలియర్ శ్రావణికి ఇచ్చినాను. తక్కువ మాట్లాడే పిల్ల, చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల. ఒక లావుపాటి పిల్లోడు నల్ల దుప్పటి కప్పుకుంటే సూక్ష్మజీవి. మా కణం తెల్ల రక్తకణం. సూక్ష్మజీవి వాసన పట్టి, పాక్కుంటూ పోయి, చుట్టుముట్టి మింగేయాల. అదీ కథ.

ఇక ఆన్, ఆఫ్ ఎట్ల చూపించాల? ఆన్‌కు ఒక రంగు కండువా, ఆఫ్‌కు ఒక రంగు అనుకున్నాం. సుబ్బరాయుడు సారు అదిరిపడినాడు. "ఏ రంగు కట్టినా ఏదో ఒక పార్టీదమ్మా! ఆన్ అయినోళ్ళదొక పార్టీ, ఆఫ్ అయినోళ్ళదొక పార్టీ అంటే నన్ను ఊళ్ళో ఉండనిస్తారా?" అన్నాడు. చివరికి పలకలు తయారయ్యే మార్కాపురంలోనే ఉండి పలకలకు కరువేందని, ముగ్గురి మెడలకూ మూడు పలకలు తగిలించినాం. బలపంతో ఆన్ అని రాస్తే పని మొదలుపెట్టాల, ఆఫ్ అని రాస్తే ఆపాల.

ఆఫ్ చేసే ప్రోటీను వేషానికి మా ల్యాబ్ అటెండరు కాశిం అన్నను మించినోడు దొరకడనిపించింది. ఇరవై ఏళ్ళుగా ఖాళీ గదుల్లో ఫ్యాన్లు, లైట్లు ఆర్పుకుంటూ తిరిగిన మనిషి. నేను గదిలో ఉండంగనే రెండుసార్లు ఆర్పినాడు.

"నా పనేంది మేడమ్మా?"

"పలక మీద ఆన్ ఉంటే పూసలు చేరుతానే ఉంటాయన్నా. చాలనిపించినాక నువ్వు తడిగుడ్డతో పలక తుడిచి ఆఫ్ అని రాయాల."

"అంతేనా? డైలాగు లేదా?"

"లేదన్నా."

"ఒక్కటన్నా పెట్టు మేడమ్మా. ఇంట్లో చెప్పుకున్నా."

డైలాగు పెట్టలేదు. దానికి చాలా రోజులు నాతో ముభావంగా ఉన్నాడు.

శ్రావణి చూపించిన ఫోను

రిహార్సల్ మొదలైన నాలుగో రోజు శ్రావణి స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో ఫోనుంది.

"మేడం, ఒక డౌటు. నేను రాక్ గదా. మన నోట్సులో రాక్ వెనక నుండి లాగుతాది, రో ముందుకు సాచుతాది అని ఉంది."

"అవును. అయితే?"

"ఫోన్లో ఒక వీడియో చూసినా. దాంట్లో రాక్ ముందుంది, రో వెనకుంది. పేర్లు తిరగబడినయ్ మేడం."

నేను తల కూడా ఎత్తలేదు. "ఫోన్లో వచ్చేదంతా నిజమేనా? ఇట్లనే ఫోన్లు చూసి చదువులు చెడగొట్టుకుంటున్నారు" అని గట్టిగా అన్నాను. శ్రావణి "సరే మేడం" అని పోయింది. ఎదురు మాట్లాడి ఉంటే నేను ఇంకో నాలుగు తిట్టి మరిచిపోయేదాన్ని. ఆ "సరే మేడం" మాత్రం చెవిలో ఉండిపోయింది.

మధ్యాహ్నం లైబ్రరీకి పోయి అసలు పుస్తకం తీయించినాను. కొన్నప్పటి నుంచి ఎవరూ తెరవలేదేమో, పేజీలు ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి. ఆ పాఠం తెరిస్తే పెద్ద బొమ్మ. ముందు రాక్. వెనక రో. పుస్తకంలో తప్పు పడిందేమోనని ఇంకో పుస్తకం చూసినాను. దాంట్లోనూ అంతే.

అప్పుడు గుర్తొచ్చింది, పక్క బల్ల సారు చూపించిన ఆ జవాబు పత్రాల కట్ట. కట్ట మొత్తం ఒకే తప్పు. పేపర్ల మీద కాలేజీ పేరు ఉండదు కాబట్టి అవి మా పిల్లలవేనని రుజువు చేయలేను. కాదని నన్ను నేను నమ్మించుకోనూలేను. ఎవరి పేపరూ చూసి రాయకపోయినా నా పిల్లలకు దొంగలనే పేరొచ్చింది. నేను చెప్పింది చెప్పినట్టు నమ్మి రాసినందుకు మార్కులు పోయినాయి. అది చూసి నేను పళ్ళికిలించి నవ్వినాను.

లైబ్రరీలో ఏడిస్తే బాగుండదని బాత్రూముకు పోయినాను. కొళాయిలో నీళ్ళు రాలేదు. బయట డ్రమ్ములో ముంచుకొని ముఖం కడుక్కొని వచ్చినాను.

మర్నాడు క్లాసులో చెప్పినాను. "రాక్ ముందు, రో వెనక. ఆరేళ్ళుగా నేనే తిరగేసి చెప్పినాను. నిన్న శ్రావణి సరిగానే చెప్పింది, నేనే అరిచినాను. తప్పు నాది."

 సూక్ష్మజీవి వేషం పిల్లోడు వెనక బెంచీ నుంచి లేచి, "అయితే మేడం, మా అన్న పోయిన పేపరు కూడా మీ వల్లేనా?" అన్నాడు. నవ్వులు పడినాయి. "అయ్యుండొచ్చు నాయనా" అన్నాను. నవ్వు ఆగిపోయింది. శ్రావణి తల వంచుకొని నోట్సులో రెండు పేర్లు కొట్టేసి దిద్దుకుంటోంది.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోకుండా రాస్తాను. తప్పు ఒప్పుకుంటే పిల్లల్లో విలువ పోతుందని స్టాఫ్ రూములో అందరూ అన్నారు. పోయింది. కొంత నిజంగానే పోయింది. ఆ తర్వాత నెల రోజులు నేను తేదీ చెప్పినా పిల్లలు క్యాలెండరు చూసుకున్నారు. ఒక విధంగా అది మంచిదే. దేవుని వాక్యం గొంతు దిగి, మనిషి గొంతు వచ్చింది.

గిద్దలూరు ప్రయాణం

క్లాసులో చెప్పినంత మాత్రాన మనసు కుదుటపడలేదు. రాజేశ్వరి అని నా పాత స్టూడెంటు, ఆ పేపరు ఫెయిలై ఒక ఏడు పోగొట్టుకుంది. ఇప్పుడు గిద్దలూరులో రక్త పరీక్షల ల్యాబులో పని చేస్తోంది. ఆ ఆదివారం చర్చి ఎగ్గొట్టి బస్సెక్కినాను. కిటికీ పక్కన కూర్చొని దారి పొడుగునా, "తల్లీ, నీ ఏడాదిని నేనే మింగినాను" అనే మాటను ఎట్ల మొదలుపెట్టాలో సాధన చేసుకుంటూ పోయినాను. బేస్తవారిపేటలో ఎక్కిన ఒక ముసలాయన నా వైపు చూసి, ఎందుకైనా మంచిదని వేరే సీటుకు మారినాడు.

రాజేశ్వరి నన్ను చూసి సంబరపడింది. సుగరు పరీక్షకు వచ్చినాననుకొని వేలు పట్టుకొని సూది గుచ్చింది. "ఒక నిమిషం మేడం, కదలొద్దు" అని. ఆ వేలికి దూది అదుముకుంటూనే అంతా చెప్పినాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. ఆమె ఓపిగ్గా విని నవ్వింది.

"దానికి ఇంత దూరం వచ్చినారా మేడం? నేను ఆ ప్రశ్న చాయిస్‌లో వదిలేసినా గదా!"

"రాయలేదా?"

"అర్థమైతే గదా రాసేది? ఆ పాఠం మీరు చెప్తాంటే మా బెంచీలో అందరం చుక్కలాట ఆడుకునేటోళ్ళం. నేను పోయింది అదే పేపర్లో జన్యువుల లెక్కల్లో. మీరేం బాధపడొద్దు."

నేను ఊరడిల్లాలో ఏడవాలో తెలియలేదు. నా తప్పు ఆమెను చెరపలేదు, ఎందుకంటే నా పాఠమే ఆమెను చేరలేదు. సుగరు మాత్రం ఉందని తేలింది. ఆ రోజు నుంచి మాత్రలు వేసుకుంటున్నాను.

ఆఫ్ చేసేవాడు టీకి పోతే

కాలేజీ డే పొద్దున పదకొండుకు. గ్రౌండులో షామియానా, ఒక వైపు వేదిక. ఎత్తు లేదు, రెండు మెట్లంతే. దాత గారు మధ్య కుర్చీలో, పక్కన సుబ్బరాయుడు సారు. తల్లిదండ్రులు కూడా చాలామంది వచ్చినారు. నేను మైకు పట్టుకొని ఒక్కో ఘట్టం తెలుగులో చెప్తున్నాను.

మొదట బ్రహ్మాండంగా సాగింది. సీడీసీ ఫార్టీటూ పిల్లలు చేతులు చాపి దారి వెతికినారు. శ్రావణి పలక మీద ఆన్ పడింది. ఆమె చెయ్యి ఊపగానే పూసలు ఒకరి భుజం ఒకరు పట్టుకొని ముందుకు సాగినారు. వెనక రో జట్టు తోకను లాక్కొచ్చింది. పది అడుగులకొకసారి కాశిం అన్న తడిగుడ్డతో వచ్చి పలక తుడిచి ఆఫ్ రాయడం, కణం ఆగడం, నేను ఆ భాగం వివరించడం, మళ్ళా ఆన్. అప్పుడే సుబ్బరాయుడు సారు వేదిక మీద నుంచి చెయ్యి ఊపినాడు.

"కాశిం! దాత గారికి టీ!"

కాశిం అన్న ఇరవై ఏళ్ళలో ప్రిన్సిపాల్ మాటను ఒక్కసారి కూడా దాటలేదు. తడిగుడ్డ భుజాన వేసుకొని టీకి పోయినాడు. శ్రావణి పలక మీద ఆన్ అట్లనే ఉంది.

"ఇప్పుడు రాక్ ఆఫ్ అవుతుంది" అని నేను మైకులో అన్నాను. కాలేదు. "ఇప్పుడు ఆఫ్ అవుతుంది" అని ఇంకొంచెం గట్టిగా అన్నాను. శ్రావణి నా వైపు చూసి, మెడలో పలక వైపు చూసుకొని, చెయ్యి ఊపుతూనే ఉంది. పూసలు పెరుగుతూనే ఉన్నాయి. నలభై మంది అయిపోతే, కుర్చీల్లో కూర్చున్న సెకండియర్ పిల్లలు కూడా ఉత్సాహంగా వచ్చి భుజాలు పట్టుకున్నారు. ఎదురుగా ఇంత గుంపు వచ్చేసరికి సూక్ష్మజీవికి నిజంగానే భయమేసింది. దుప్పటి ఎత్తిపట్టుకొని వేదికెక్కి దాత గారి కుర్చీ వెనక దాక్కున్నాడు.

సూక్ష్మజీవి యాడికి పోతే కణం ఆడికి పోవాలని నేనే నేర్పినాను. పోయింది. రెండు మెట్లెక్కింది. బల్లను తోసింది. పూలకుండీ పడింది, జ్ఞాపిక పడింది. దాత గారిని కుర్చీతో సహా చుట్టుముట్టింది. సుబ్బరాయుడు సారు "ఆపండి, ఆపండి" అంటానే లోపలికి పోయినాడు. ఆయన చెయ్యెత్తి పట్టుకున్న కళ్ళజోడు ఒక్కటే పైన కనపడింది.

లోపల నుంచి దాత గారి గొంతు నిదానంగా వినపడింది. "అమ్మా, ఇది నాటకంలో భాగమేనా?"

"అవును సార్. మింగే ఘట్టం" అని మైకులో అన్నాను. నా జీవితంలో అంత పెద్ద అబద్ధం ఇంకోటి లేదు. సైన్సు ప్రకారం మాత్రం అది పూర్తిగా నిజం.

కాశిం అన్న ట్రేతో వచ్చినాడు. అంత గందరగోళంలో కూడా ముందు గుంపులో చెయ్యి దూర్చి దాత గారికి టీ అందించినాడు. తర్వాత ట్రే కింద పెట్టి, భుజం మీద గుడ్డ తీసి, పలక తుడిచి ఆఫ్ అని రాసినాడు. రాసి, జనం వైపు తిరిగి, నేను పెట్టని డైలాగు తనే చెప్పినాడు. "ఇంక చాలు, పోండి!"

అన్ని చేతులూ ఒక్కసారి భుజాల మీద నుంచి జారిపోయినాయి. పూసలు విడివిడిగా ఎక్కడివాళ్ళక్కడ కూలబడినారు. మధ్యలో దాత గారు టీ గ్లాసు పట్టుకొని, ఒక చెప్పుతో నిలబడి ఉన్నాడు. షామియానా ఎగిరిపోయేంత చప్పట్లు.

ఇన్నేళ్ళు నేను ఆన్ గురించే ఊదరగొట్టినాను. ఆఫ్ గురించి నోట్సులో ఒక్క వాక్యం. నిజమైన కణాల్లో కూడా ఆఫ్ చేసే ప్రోటీను చెడిపోతే ఇట్లాంటి అనర్థమే జరుగుతుంది. హద్దు మీరి కదిలే కణాలు పరాయి చోటికి పోయి స్థిరపడతాయి. క్యాన్సరు పాకడంలో ఇదీ ఒక దారి. అది ఆ రోజు పిల్లలకు ఎంత బాగా ఎక్కిందంటే, ఆ ఏడు పరీక్షలో ఆ ప్రశ్నను ఎవరూ చాయిస్‌లో వదల్లేదని విన్నాను.

దాత గారు పెద్దమనిషి. ఒక్క మాట అనలేదు. ప్రోటీనులో ఇంత బలముందని ఈరోజే తెలిసిందని మెచ్చుకొని, విరిగినవాటి బదులు కొత్త ప్లాస్టిక్ కుర్చీలు పంపిస్తానని ప్రకటించినాడు. పంపించినాడు కూడా. మైక్రోస్కోపు మాట మళ్ళా ఎత్తలేదు. సుబ్బరాయుడు సారు చొక్కా దులుపుకుంటూ నా దగ్గరికొచ్చి, "అంతా బాగుందమ్మా. గుడ్డు ఎప్పుడొచ్చిందో మాత్రం నేను చూసుకోలేదు" అన్నాడు.

ఓబులమ్మ అడిగింది

జనమంతా భోజనాలకు పోయినాక నేను పలకలు ఏరుతున్నాను. ఒకామె వచ్చి నిలబడింది. ఎండకు కమిలిన ముఖం, చేతిలో గుడ్డ సంచి. శ్రావణి వాళ్ళమ్మ ఓబులమ్మనని చెప్పింది. కూలి పని మానుకొని వచ్చిందంట.

"ఈ ఏడుతో పిల్ల చదువు చాలించి ఇంటికాడ పెట్టుకుంటానని నీతో చెప్పిపోదామని వచ్చినా మేడం. దానికిముందు ఒక మాట అడగాల."

అరచెయ్యి చాపి చూపించింది. బొటనవేలి కింద నుంచి మణికట్టు దాకా తెల్లటి మచ్చ.

"పోయినేడు కంది కోతలో కొడవలి దిగింది. ఇంత లోతు. ఇది పూడింది గదా, నువ్వు ఆడించినావే, అట్లాంటోళ్ళేనా లోపల పాక్కుంటా వచ్చి పూడ్చింది?"

"అవునమ్మా. చర్మం కణాలు. ఇంచుమించు అట్లనే పాకుతాయి."

"ఈ పక్కనుండి కొందరు, ఆ పక్కనుండి కొందరు వచ్చినారు."

"అవును."

"నడిమధ్య కలుసుకున్నాక ఆడికాడికి ఆగినారు. ఒకరి మీద ఒకరు ఎక్కలేదు. ఎక్కుంటే నా చెయ్యి ఇట్ల సాపుగా ఉండదు. ఆగమని వాళ్ళకు ఎవరు చెప్పినారు మేడం?"

అన్నేళ్ళ సర్వీసులో ఏ స్టూడెంటూ, ఏ ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన పెద్దమనిషీ నన్ను ఇంత మంచి ప్రశ్న అడగలేదు. అంతకుముందు ఏడాది అయితే ఏదో ఒకటి గంభీరంగా చెప్పి పంపేదాన్ని.

"ఒక కణం ఇంకోదానికి తగలగానే రెండూ ఆ వైపు సాచడం తగ్గించేస్తాయమ్మా. రాక్‌ను ఆడ అణిచేస్తాయి. అంతవరకు చదివినా. ఇంక చాలు అనేది అన్నిటికీ ఒకేసారి ఎట్ల తెలుస్తుందో నాకు పూర్తిగా తెలియదు."

"నీకే తెలియదా?"

"తెలియదు."

ఆమె నన్ను పైకీ కిందకీ చూసింది. కోపం లేదు. సంతలో గేదెను చూసేటప్పటి జాగ్రత్త.

"మా పిల్ల పై చదువుకు పోతానంటాంది. హైదరాబాదంట. ఆడ చదువు చెప్పేటోళ్ళకు తెలుసా ఇది?"

అవునంటే పంపుతుందేమో అనిపించింది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

"వాళ్ళకూ పూర్తిగా తెలియదేమో ఓబులమ్మా. ఇంకా వెతుకుతున్నారు."

ఆమె కాసేపు తన అరచెయ్యి చూసుకుంది. వేళ్ళు ముడిచింది, చాపింది. తర్వాత సంచి భుజాన వేసుకుంది.

"అయితే పోనీలే, పొమ్మంటా. అంతా తెలిసిపోయిందైతే ఈడుండే చదువుకోవచ్చు గదా, అంత దూరం దేనికి!" అని అన్నాలు పెట్టే వైపు నడిచింది.